స్టెంటా, బ్యాగా, నేరుగా ఆపరేషనా: గడ్డ వల్ల వచ్చిన కామెర్లకి ఒప్పుకునే ముందు ఇవి తేల్చుకోండి

ఇంట్లో పెద్దవాళ్లకి కళ్లు పచ్చబడ్డాయి, స్కానింగ్‌లో పైత్యరసం వచ్చే నాళానికి అడ్డంగా గడ్డ ఉందన్నారు, "ముందు కామెర్లు దించాలి, రేపు పొద్దున్నే స్టెంట్ వేసేద్దాం, ఇక్కడ సంతకం పెట్టండి" అని కాగితం ఇచ్చారు. సరిగ్గా ఈ పరిస్థితిలో ఉన్నవాళ్ల కోసం రాస్తున్నాను. స్టెంట్ అంటే మూసుకున్న నాళాన్ని తెరిచి ఉంచే చిన్న గొట్టం. సంతకం పెట్టొద్దని కాదు. పెట్టే ముందు ఒక్క పూట ఆగి కొన్ని విషయాలు తేల్చుకోమంటున్నాను, ఎందుకంటే ఆ పూట మేము ఆగలేదు.

మా పెదనాన్నకి అప్పుడు బిలిరుబిన్ (కామెర్లు ఎంతున్నాయో చెప్పే రక్తపరీక్ష అంకె) 11. అప్పటికే మూడు వారాలు పసరు మందు మింగడం, ఉప్పూ నూనే లేని పత్యం అయిపోయాయి. దురద ఎలా ఉండేదంటే రాత్రంతా నిద్ర లేక బీరపీచుతో వీపు రుద్దించుకునేవాడు, మా పెద్దమ్మ చెయ్యి నొప్పెట్టి ఆపేస్తే లేచి వెళ్లి ద్వారబంధానికి వీపు ఆనించి రాసుకునేవాడు. అలాంటి మనిషికి "రేపే తగ్గించేస్తాం" అనగానే ప్రాణం లేచొచ్చింది, మేమూ ఇంకేం అడగలేదు. సీటీ స్కాన్ తీయకుండానే ప్లాస్టిక్ స్టెంట్ వేశారు. మర్నాటికి పాంక్రియాస్ (క్లోమం) వాచి కడుపునొప్పి, వారం రోజులు సెలైన్ల మీదే ఉన్నాడు. ఆ తర్వాత తీసిన సీటీ పట్టుకుని సర్జన్ దగ్గరికి వెళ్తే ఆయన చాలాసేపు చూసి, "స్టెంట్ వేయకముందు తీసిన సీటీ ఉందా అమ్మా?" అని పెద్దమ్మని అడిగారు. లేదు. "ఇందులో వాపు ఏదో గడ్డ ఏదో తెలియడం లేదు, ఇది తగ్గేదాకా నేను కత్తి పట్టలేను. మొదటే వచ్చుంటే ఈపాటికి ఆపరేషన్ చేసేసేవాణ్ని" అన్నారు. ఆపరేషన్ అయ్యేసరికి ఇంకో రెండు నెలలు పట్టింది, మధ్యలో స్టెంట్ మూసుకుపోయి చలిజ్వరంతో ఒకసారి అర్ధరాత్రి పరుగెత్తాం కూడా.

ఆ రెండు నెలల్లో డాక్టర్లని అడిగీ, చదివీ తెలుసుకున్నది ఇక్కడ పెడుతున్నాను. నేను డాక్టర్ని కాను, మీ రోగి విషయంలో చివరి మాట మీ డాక్టర్లదే. కానీ ఏం అడగాలో తెలిస్తే వాళ్లు కూడా బాగానే చెప్తారు.

ముందు ఇది ఏ రకం కామెర్లో చూడండి

మన దగ్గర కామెర్లు అనగానే పసరు, నేల ఉసిరి, కొన్ని ఊళ్లలో వాతలు. వైరస్ వల్ల లివర్ వాచి వచ్చే కామెర్లు చాలామందికి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి, ఆ పేరు పసరుకి వస్తుంది. కానీ లివర్‌లో తయారైన పైత్యరసం పేగులోకి దిగే దారికే గడ్డ అడ్డుపడితే ఏ పసరూ ఆ దారి తెరవలేదు. అలా అడ్డుపడినప్పుడు పేగులోకి పోవాల్సిన రసం రక్తంలోకి ఎక్కుతుంది, అందుకే మలం సుద్దలా తెల్లగా పాలిపోతుంది, మూత్రం డికాషన్ రంగుకి వస్తుంది, ఒళ్లంతా దురద. చాలాసార్లు నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, అందుకే జనం తేలిగ్గా తీసుకుంటారు. ఎల్‌ఎఫ్‌టీ (లివర్ పనితీరు రక్తపరీక్ష) రిపోర్టులో మొత్తం బిలిరుబిన్‌లో ఎక్కువ భాగం డైరెక్ట్ బిలిరుబినే ఉండి, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ బాగా పెరిగి ఉంటే అడ్డు గురించే ఆలోచించాలి. యాభై దాటిన మనిషికి నొప్పి లేని కామెర్లు, తెల్లటి మలం, బరువు తగ్గడం కలిసి కనిపిస్తే ఒక్క రోజు కూడా పసరు మీద పోగొట్టకండి.

స్టెంట్ కంటే ముందు సీటీ, సీటీ చూశాక సర్జన్

ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తు పెట్టుకుంటానంటే ఇది గుర్తు పెట్టుకోండి. గడ్డ పక్కనున్న పెద్ద రక్తనాళాలని ముట్టుకుందా, చుట్టేసిందా అన్నదాన్ని బట్టే ఆపరేషన్ అవుతుందా, ముందు కీమో ఇవ్వాలా అని తేలుతుంది. అది సీటీలో కనిపించాలి, అది కూడా మామూలు పొట్ట సీటీ కాదు, పాంక్రియాస్ కోసం ప్రత్యేకంగా మందు ఎక్కించి సన్నని పొరలుగా తీసేది. ఒకసారి స్టెంట్ పడ్డాక, ముఖ్యంగా లోహపు స్టెంట్ అయితే, ఆ చుట్టూ బొమ్మ చెదురుతుంది. స్టెంట్ వేసేటప్పుడు పాంక్రియాస్ వాచిందంటే మా పెదనాన్నకి అయినట్టే గడ్డ అంచు కూడా తెలియదు. అడ్డు లివర్ దగ్గర, పైన ఉందని అనుమానం వస్తే ఎంఆర్‌సీపీ (పైత్యరస నాళాల ఎంఆర్‌ఐ స్కాన్) కూడా స్టెంట్‌కి ముందే తీయించాలి, నాళాల్లో ఏ కొమ్మ మూసుకుపోయిందో అందులో తెలుస్తుంది.

క్యాన్సర్ సూచన కోసం సీఏ 19-9 అనే రక్తపరీక్ష చేయిస్తారు. కామెర్లు ఉన్నప్పుడు కేవలం అడ్డు వల్లే అది బాగా పెరగొచ్చు, ఆ అంకె చూసి గుండెలు బాదుకోకండి. కామెర్లు దిగాక మళ్లీ చేసినప్పుడు వచ్చేదే లెక్క.

ఈ సీటీ పట్టుకుని ఇలాంటి ఆపరేషన్లు తరచుగా చేసే సర్జన్‌ని కలవండి. సర్జికల్ గ్యాస్ట్రోఎంటరాలజీ అని బోర్డు ఉంటుంది. స్టెంట్ వేసే గ్యాస్ట్రో డాక్టరు వేరు, ఆపరేషన్ చేసే సర్జన్ వేరు, ఈ ఇద్దరూ మాట్లాడుకున్నాకే స్టెంట్ పడాలి. జ్వరం, చలి లేకపోతే ఈ మాత్రం సమయం దాదాపు ఎప్పుడూ ఉంటుంది. "రేపే వేయాలి, లేకపోతే ప్రమాదం" అంటే ప్రమాదం ఏమిటో, ఎందుకో అడగండి.

అసలు కామెర్లు దించాలా, దించకుండానే ఆపరేషన్ చేయొచ్చా

చాలామంది, కొందరు డాక్టర్లతో సహా, కామెర్లు దించకుండా ఆపరేషన్ చేస్తే మనిషి తట్టుకోలేడని అనుకుంటారు. ఆ భయానికి పాత కారణం ఉంది. 1935లో అలెన్ విపుల్ అనే అమెరికన్ సర్జన్ ఈ గడ్డల ఆపరేషన్‌ని రెండు విడతలుగా చేశాడు, ముందు పైత్యరసానికి పక్కదారి చేసి కామెర్లు దిగాక రెండోసారి గడ్డ తీశాడు. విటమిన్ కె ఇంజెక్షన్ ఇంకా వాడుకలోకి రాని రోజులవి, కామెర్లున్న మనిషికి కత్తి పెడితే రక్తం ఆగేది కాదు. పైత్యరసం పేగులోకి రాకపోతే విటమిన్ కె ఒంటికి పట్టదు, అది లేకపోతే రక్తం గడ్డకట్టదు, సంగతి అదీ. ఇప్పుడు ఆ ఇంజెక్షన్ ఇస్తారు, రక్తం గడ్డకడుతోందో లేదో ఐఎన్ఆర్ పరీక్షతో చూసుకుంటారు.

నెదర్లాండ్స్‌లో 202 మంది మీద చేసిన పరిశోధన ఒకటి 2010లో వచ్చింది. అందరికీ పాంక్రియాస్ తల దగ్గర గడ్డ, బిలిరుబిన్ దాదాపు 2.3 నుంచి 14.6 మధ్యలో. కొందరిని వారంలోపు నేరుగా ఆపరేషన్‌కి తీసుకెళ్లారు, మిగతావాళ్లకి స్టెంట్ వేసి 4 నుంచి 6 వారాలు ఆగి చేశారు. తీవ్రమైన కాంప్లికేషన్లు నేరుగా వెళ్లినవాళ్లలో 39 శాతం మందికి వస్తే, ముందు స్టెంట్ వేసుకున్నవాళ్లలో 74 శాతం మందికి వచ్చాయి. చనిపోయినవాళ్ల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ అదనపు ఇబ్బందులు ఎక్కువగా స్టెంట్ వల్లే: మూసుకుపోవడం, నాళంలో ఇన్ఫెక్షన్, పాంక్రియాస్ వాపు, మళ్లీ మార్చాల్సి రావడం. అప్పటిదాకా పేగులోని క్రిములు చేరని పైత్యరసంలోకి స్టెంట్ పడగానే క్రిములు చేరతాయి, ఆపరేషన్ తర్వాత గాయం చీము పట్టడానికి కూడా అదో కారణం.

ఈ పరిశోధనలో వాడినవి ప్లాస్టిక్ స్టెంట్లు, ఆ మాట మర్చిపోకండి. పైగా బిలిరుబిన్ 14.6 దాటినవాళ్లూ, నాళంలో ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్లూ, ముందు కీమో అవసరమైనవాళ్లూ అందులో లేరు. కాబట్టి దీన్ని చూపించి "మాకు స్టెంట్ వద్దు" అని పట్టుబట్టడం కూడా పొరపాటే.

గడ్డ కింద, పాంక్రియాస్ వైపు ఉన్నప్పుడు ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే పద్ధతి ఇది. ఆపరేషన్ ఒకటి రెండు వారాల్లో అయిపోయేలా ఉండి, మనిషికి జ్వరం లేకపోతే స్టెంట్ లేకుండానే వెళ్లొచ్చు. ముందు దించాల్సినవాళ్లు వేరే ఉన్నారు. చలితో జ్వరం, అంటే నాళంలో ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్లకి తప్పదు, అది ఎమర్జెన్సీ. బిలిరుబిన్ 15 దగ్గరికో పైకో పోయినవాళ్లకి, కిడ్నీలు దెబ్బతింటున్నవాళ్లకి, తిండి పూర్తిగా పోయి నీరసించినవాళ్లకి, మందులకి లొంగని దురద ఉన్నవాళ్లకి, కీమో ముందు ఇవ్వాల్సినవాళ్లకి, ఏ కారణం వల్లైనా ఆపరేషన్ నెల తర్వాతే కుదిరేవాళ్లకి దించుతారు. మా పెదనాన్న బిలిరుబిన్ 11, జ్వరం లేదు. దురద ఒక్కటే బలమైన కారణం, దానికి మందులున్నాయని కూడా మాకు ఎవరూ చెప్పలేదు.

ఆపరేషన్ తేదీ దొరక్కపోవడం మన దగ్గర నిజమైన సమస్య. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో వరస ఉంటుంది, ఆరోగ్యశ్రీ అనుమతి రావాలి, రక్తం సమకూర్చుకోవాలి, ఇంట్లో డబ్బు చూసుకోవాలి. తేదీ నెల దాటేలా ఉంటే స్టెంట్ సరైన నిర్ణయమే కావచ్చు. కానీ ముందు తేదీ అడగాలి, తర్వాత స్టెంట్ గురించి ఆలోచించాలి. మేము తలకిందులుగా చేశాం.

అడ్డు ఎక్కడుందో దాన్ని బట్టే పద్ధతి

పైత్యరస నాళాన్ని చెట్టులా ఊహించుకోండి. లివర్ లోపల కొమ్మలు, అవన్నీ కలిసి లివర్ బయట ఒక కాండం, ఆ కాండం పాంక్రియాస్ తల వెనక నుంచి వెళ్లి చిన్నపేగులో కలుస్తుంది. గడ్డ కాండం కింది భాగంలో ఉంటే, అంటే పాంక్రియాస్ తల, ఆంపుల్లా (నాళం పేగులో తెరుచుకునే చోటు), నాళం చివర, ఒక్క గొట్టం వేస్తే లివర్ మొత్తం ఖాళీ అవుతుంది. గడ్డ కొమ్మలు కలిసే చోట ఉంటే, దాన్ని హైలర్ అంటారు, గాల్ బ్లాడర్ క్యాన్సర్ పాకినా అక్కడే అడ్డుపడుతుంది, అప్పుడు ఒక గొట్టంతో ఒక కొమ్మే ఖాళీ అవుతుంది. ఈ రెండు జబ్బులకీ లెక్క పూర్తిగా వేరు. పక్కింటివాళ్లకి ఏం చేశారో మనకీ అదే చేయమనే ముందు వాళ్లకి అడ్డు ఎక్కడుందో కనుక్కోండి.

కింద అడ్డు ఉంటే: ఈఆర్‌సీపీ, అందులో ప్లాస్టిక్కా లోహమా

ఈఆర్‌సీపీ అంటే నోటి నుంచి ఎండోస్కోప్ గొట్టం చిన్నపేగు దాకా పంపి, నాళం పేగులో తెరుచుకునే ఆ చిన్న చనుమొన లాంటి చోట నుంచి తీగ ఎక్కించి, దాని మీదుగా స్టెంట్ తోస్తారు. మత్తు ఇస్తారు, కనీసం ఆరు గంటలు ఏమీ తినకూడదు. పొట్ట మీద కోత ఉండదు, బయట బ్యాగు ఉండదు, రసం పేగులోకే పోతుంది కాబట్టి తిండి అరుగుతుంది. అందుకే కింద అడ్డుకి మొదట చూసేది ఇదే. ప్రమాదాల్లో ముఖ్యమైనది పాంక్రియాస్ వాపు. రక్తస్రావం, పేగుకి చిల్లు అరుదుగా. పాంక్రియాస్ వాపు రాకుండా మలద్వారంలో 100 మిల్లీగ్రాముల డైక్లోఫెనాక్ లేదా ఇండోమెథాసిన్ సపోజిటరీ పెడతారు, కిడ్నీ సమస్య, అలర్జీ లాంటివి లేకపోతే. "అది ఇస్తున్నారా?" అని అడగండి, తప్పు లేదు. రక్తం పల్చబడే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి.

ప్లాస్టిక్ స్టెంట్ సాధారణంగా 10 ఫ్రెంచ్ సైజు, అంటే బయటి వెడల్పు 3 మిల్లీమీటర్ల పైచిలుకు, బాల్‌పెన్ రీఫిల్ గుర్తు తెచ్చుకోండి. లోహపుది ముడుచుకుని వెళ్లి లోపల విచ్చుకుంటుంది, 10 మిల్లీమీటర్ల దాకా, దాదాపు మూడింతలు. మా పెదనాన్నకి మార్చినప్పుడు తీసిన ప్లాస్టిక్ స్టెంట్‌ని ట్రేలో చూపించారు, లోపలంతా తడిసిన పసుపు ముద్దలా మడ్డి పేరుకుపోయి ఉంది, ఇందులోంచి ఇన్నాళ్లూ రసం ఎలా దిగిందా అనిపించింది. ప్లాస్టిక్‌ని మూడు నెలల్లోపే మార్చాలనేది మామూలు లెక్క, మాకు ఆరు వారాలు కూడా ఆగలేదు. పైన చెప్పిన నెదర్లాండ్స్ బృందమే తర్వాత లోహపు స్టెంట్లతో పోల్చి చూస్తే, స్టెంట్ సంబంధమైన ఇబ్బందులు ప్లాస్టిక్‌తో 46 శాతం, లోహంతో 24 శాతం.

కాబట్టి ఆపరేషన్ ముందు స్టెంట్ తప్పదంటే నా మాట సూటిగా చెప్తాను: అడ్డు కింద ఉంటే, క్యాన్సరేనని రూఢి అయితే, పొట్టి లోహపు స్టెంట్ గురించి అడగండి, కీమో ఇచ్చి నెలల తర్వాత ఆపరేషన్ చేసేవాళ్లయితే మరీ గట్టిగా అడగండి. యూరప్ ఎండోస్కోపీ మార్గదర్శకాలు కూడా 10 మిల్లీమీటర్ల లోహపు స్టెంట్‌నే సూచిస్తున్నాయి. ఖరీదు ప్లాస్టిక్ కంటే ఎన్నో రెట్లు, కానీ మధ్యలో ఒకసారి మూసుకుపోయి ఆసుపత్రిలో చేరితే ఆ తేడా అక్కడే పోతుంది. రెండు జాగ్రత్తలు. బయాప్సీ తేలకముందు పూత లేని లోహపు స్టెంట్ వేయించుకోకూడదు, అది లోపల అతుక్కుపోయి మళ్లీ తీయడం కష్టం, జబ్బు క్యాన్సర్ కాదని తేలితే ఇబ్బంది. పూత ఉన్నదైతే తీయొచ్చు, కాకపోతే కిందికి జారే అవకాశం, గాల్ బ్లాడర్ దారి మూసి అది వాచే అవకాశం ఉన్నాయి. ఇంకోటి, స్టెంట్ పైకి మరీ పొడుగ్గా ఉండకూడదు, సర్జన్ నాళాన్ని కోసి పేగుకి కుట్టే చోటు ఖాళీగా మిగలాలి. అందుకే సర్జన్‌ని ముందే అడగమన్నది.

పైన, కొమ్మలు కలిసే చోట అడ్డు ఉంటే

ఇక్కడ తొందరపాటు ఇంకా ప్రమాదం. ఈ గడ్డలకి ఆపరేషన్ అంటే మామూలుగా లివర్‌లో సగమో అంతకంటే ఎక్కువో కూడా తీసేయాలి, మిగిలే ముక్క మనిషిని బతికించాలి. కాబట్టి ముందు సర్జన్ ఏ వైపు ఉంచుతారో తేల్చాలి, ఆ ఉంచే వైపు కొమ్మనే ఖాళీ చేయాలి. మిగిలే భాగం చిన్నదైతే కామెర్లు దించడం దాదాపు తప్పదు, పెద్దదైతే అన్ని చోట్లా ఒకే పద్ధతి లేదు. ఏ కొమ్మ దొరికితే ఆ కొమ్మలో స్టెంట్ వేసి, మిగతా కొమ్మల్లోకి రంగు మందు ఎక్కించి వదిలేస్తే ఆ మూసుకున్న కొమ్మల్లో చీము పడుతుంది, అది ప్రాణం మీదకి వస్తుంది. అలాగే ఆపరేషన్ చేయాలనుకునే రోగికి ఇక్కడ తీయడానికి వీల్లేని, పూత లేని లోహపు స్టెంట్ వేయకూడదు. ప్లాస్టిక్ వేస్తారు, లేదా ముక్కు నుంచి బయటికి వచ్చే సన్నని గొట్టం పెడతారు. ముక్కు గొట్టం జపాన్‌లో ఎక్కువ, రోజూ ఎంత రసం వస్తుందో కనిపిస్తుంది, మూసుకుంటే కడగొచ్చు, కానీ వారాల తరబడి ముక్కులో గొట్టంతో ఉండటం మనవాళ్లకి చాలా కష్టం, గందరగోళంగా ఉన్న ముసలివాళ్లు రాత్రి పీకేసుకుంటారు.

రెండో దారి పీటీబీడీ. పక్కటెముకల మధ్య నుంచి చర్మం మీదుగా, అల్ట్రాసౌండ్ చూస్తూ సూదితో లివర్‌లోని కొమ్మలోకి వెళ్లి గొట్టం పెట్టి బయట బ్యాగుకి కలుపుతారు. ఇది ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు చేసే పని. ఏ కొమ్మ కావాలో ఆ కొమ్మనే ఎంచుకోవచ్చు, పాంక్రియాస్ వాపు భయం దాదాపు ఉండదు, ఇంతకుముందు కడుపు ఆపరేషన్ జరిగి ఎండోస్కోప్ నాళం దాకా వెళ్లలేని మనిషికీ పనికొస్తుంది. నష్టాలు: రక్తస్రావం, గొట్టం ఊడిపోవడం, రోజూ లీటరుకి దగ్గరగా కూడా రసం బయటికి పోయి ఒంట్లో నీరు, ఉప్పు తగ్గిపోవడం, గొట్టం వెళ్లిన దారిలో క్యాన్సర్ కణాలు పడే అవకాశం. పొట్టలో నీరు చేరినవాళ్లకి ఇది కష్టం.

ఈ రెంటిలో ఏది మేలో చూద్దామని నెదర్లాండ్స్‌లోనే పైన అడ్డు ఉన్న రోగుల మీద పరిశోధన మొదలుపెట్టారు, 2018లో ఫలితాలు వచ్చాయి. 54 మంది చేరాక మధ్యలోనే ఆపేశారు, ఎందుకంటే పీటీబీడీ చేసిన 27 మందిలో 11 మంది, ఎండోస్కోపీతో చేసిన 27 మందిలో ముగ్గురు చనిపోయారు. స్టెంట్, గొట్టాల వల్ల తీవ్రమైన ఇబ్బందులు మాత్రం రెండు వైపులా మూడింట రెండొంతుల మందికి ఉన్నాయి. చిన్న పరిశోధన, ఆ మరణాలన్నీ గొట్టం వల్లేనని చెప్పడానికి లేదు, ఎండోస్కోపీతో మొదలైనవాళ్లలో చాలామందికి చివరికి పీటీబీడీ కూడా చేయాల్సి వచ్చింది. కాబట్టి దీన్ని చూసి పీటీబీడీ అంటే పారిపోనక్కర్లేదు. నేను తీసుకున్నది ఇంతే: పైన అడ్డు ఉన్న జబ్బుకి ఏ పద్ధతీ తేలిక కాదు, కాబట్టి పద్ధతి కంటే చోటు ముఖ్యం. లివర్ సర్జన్, ఈఆర్‌సీపీ డాక్టరు, రేడియాలజిస్టు ముగ్గురూ ఒకే కప్పు కింద ఉండి, రోజూ ఈ పని చేసే ఆసుపత్రికి వెళ్లండి, దాని కోసం హైదరాబాదో వెల్లూరో వెళ్లాల్సి వచ్చినా సరే, మీ ఊళ్లో మొదటి గొట్టం పడకముందే వెళ్లండి.

ఈఆర్‌సీపీ కుదరకపోతే కొత్త దారి ఒకటుంది, ఎండోస్కోప్ చివర అల్ట్రాసౌండ్ ఉంచి, చిన్నపేగు గోడలోంచి నేరుగా నాళంలోకి దారి తీసి స్టెంట్ పెడతారు. ఈయూఎస్ డ్రైనేజ్ అంటారు. కింద అడ్డు ఉన్నవాళ్లలో ఇది ఈఆర్‌సీపీకి దీటుగా పనిచేస్తుందని 2023లో రెండు పరిశోధనలు చూపించాయి, అయితే వాటిలో ఎక్కువమంది నేరుగా ఆపరేషన్‌కి వెళ్లగలిగే రోగులు కారు. చెయ్యి తిరిగినవాళ్లు చేయాలి, మీ సర్జన్ "సరే" అనాలి.

బ్యాగుతో ఇంటికి వచ్చాక

మా ఆఫీసు స్నేహితుడి అమ్మగారికి పీటీబీడీ వేసి ఇంటికి పంపారు, నెలన్నర ఆ బ్యాగుతో ఉన్నారు. వాళ్లింట్లో చూసి నేర్చుకున్నవి చెప్తాను, డిశ్చార్జ్ రోజు నర్సు హడావిడిలో చెప్పేవి ఎవరికీ గుర్తుండవు.

బ్యాగు ఎప్పుడూ పొట్ట కంటే కిందే ఉండాలి. మంచం మీద పడుకున్నప్పుడు పక్కనే పరుపు మీద పెట్టకండి, మంచం కోడుకి కట్టండి. నడిచేటప్పుడు వాళ్లు చీర కుచ్చిళ్ల దగ్గర నాడాతో కట్టేవాళ్లు. గొట్టం చర్మం నుంచి బయటికి వచ్చే చోట ఒకసారి, ఇంకో నాలుగు అంగుళాల కింద ఒకసారి ప్లాస్టర్ వేయండి, బ్యాగు లాగినా బరువు కుట్టు మీద పడదు. చర్మం దగ్గర గొట్టం మీద పెన్నుతో గీత పెట్టుకోండి, గీత బయటికి జరిగితే గొట్టం జారుతోందన్నమాట. బ్యాగు సగం నిండగానే కొలగిన్నెలోకి వంపి ఎన్ని మిల్లీలీటర్లో నోటు పుస్తకంలో రాయండి, రంగు కూడా రాయండి. తేనె రంగో ముదురు ఆకుపచ్చో పర్వాలేదు. మురికిగా చిక్కగా ఉన్నా, రక్తం కనిపించినా ఫోన్ చేయాలి. ఉన్నట్టుండి రావడం ఆగిపోతే ముందు గొట్టం ఎక్కడైనా మడత పడిందేమో చూడండి, వాళ్లకి రెండుసార్లూ అదే అయింది, ఒత్తిగిలి పడుకున్నప్పుడు వీపు కింద నొక్కుకుంది. సెలైన్‌తో కడగమని చెప్తే నేర్పించిన కొలతే, మామూలుగా 5 నుంచి 10 మిల్లీలీటర్లు, మెల్లగా లోపలికి పంపాలి, వెనక్కి లాగకూడదు, బిగుసుకుంటే బలవంతం చేయకూడదు. రసం ఎక్కువగా పోతుంటే ఓఆర్ఎస్ ఎంత తాగించాలో, ఎన్ని రోజులకోసారి సోడియం, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) చేయించాలో డాక్టర్ని అడిగి రాసుకోండి. ఆ పెద్దావిడకి ఒకరోజు మాట తడబడి మత్తుగా ఉంటే వయసు అనుకున్నారు, సోడియం పడిపోయింది.

ఎన్నాళ్లు ఆగాలి, దిగుతోందని ఎలా తెలుస్తుంది

స్టెంట్ పని చేస్తుంటే మొదట తెలిసేది బాత్రూములోనే. మలం రంగు తిరిగి వస్తుంది, మూత్రం తేటపడుతుంది. "నాయనా, ఇవాళ మూత్రం నీళ్లలాగే వచ్చిందిరా" అని పెద్దమ్మ ఫోన్ చేసిన రోజు నాకింకా గుర్తుంది. కళ్ల పసుపు మాత్రం నెమ్మదిగా పోతుంది, ఎందుకంటే బిలిరుబిన్‌లో కొంత భాగం రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌కి అతుక్కుని ఉంటుంది, అది కరగడానికి వారాలు పడుతుంది. కాబట్టి పదో రోజుకి రిపోర్టులో ఇంకా 5 ఉందని టెన్షన్ పడక్కర్లేదు, ప్రతిసారీ తగ్గుతూ రావాలి, అంతే. తగ్గి మళ్లీ పెరిగితే అప్పుడు అడగాలి. లివర్ కోలుకోవడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు ఆగుతారు. ఆ రోజుల్ని పత్యం పేరుతో పోగొట్టకండి. గుడ్డు, పప్పు, పెరుగు, చేపలు డాక్టరు వద్దంటే తప్ప మానొద్దు, రోజూ నడిపించండి, సిగరెట్టు ఆపించండి. ఎముకల గూడైన మనిషికి కామెర్లు దిగినా సర్జన్ చెయ్యి పెట్టడానికి జంకుతారు.

డబ్బు సంగతి కూడా ముందే. ఆరోగ్యశ్రీ మీద వెళ్తుంటే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రని స్టెంట్ వేసే ముందే కలిసి, స్టెంట్, ఆపరేషన్ రెండూ దేని కింద వస్తాయో, లోహపు స్టెంట్ వస్తుందో రాదో, తర్వాత మార్చాల్సి వస్తే ఎవరు భరిస్తారో అడగండి. ప్రైవేటులో అయితే స్టెంట్ కంపెనీ, సైజు, ధర కాగితం మీద రాయించుకోండి.

ఆఖరుగా ఒక చిన్న అట్ట ముక్క చేసి పర్సులో పెట్టండి: స్టెంట్ వేసిన తేదీ, ప్లాస్టిక్కా లోహమా, సైజు, ఏ కొమ్మలో ఉంది, మార్చాల్సిన తేదీ, డాక్టరు నంబరు, పైత్యరసం కల్చర్ (ఏ క్రిములున్నాయో చూసే పరీక్ష) పంపితే దాని రిపోర్టు ఫొటో ఫోన్‌లో. ఒంటికి చలి పుట్టి జ్వరం వచ్చినా, మూత్రం మళ్లీ డికాషన్ రంగుకి తిరిగినా పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా చూడకండి, ఆ రాత్రే బయల్దేరండి. మేము అర్ధరాత్రి వెళ్లినప్పుడు క్యాజువాలిటీలో ఉన్న కుర్ర డాక్టరు మొదట అడిగింది "స్టెంట్ ఎప్పుడు వేశారు, ఏ రకం?" అని. పెద్దమ్మ, నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఫైలు ఊళ్లో బీరువాలో ఉంది.